ఎండుచేపల బుట్టకి ఇద్దరు సాక్షులు

మా జ్ఞానదాసు బావతో మాట్లాడటం కష్టం. ఊరికే నిన్న వాన పడిందన్నా సరే, "నువ్వు సూసావా, ఇన్నావా?" అని అడుగుతాడు. చూశానంటే ఎక్కడ నిలబడి చూశావంటాడు. విన్నానంటే ఎవరు చెప్పారంటాడు. పక్కింటాయన చెప్పాడంటే ఆయన చూశాడా, విన్నాడా అని మళ్ళీ మొదటికొస్తాడు. ఈ బాధ పడలేక వాళ్ళ వీధిలో సగం మంది ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతారు. నేను మాత్రం ఎప్పుడూ తిరగలేదు. మొదట్లో తిరగడానికి వీల్లేక, తర్వాత తిరగబుద్ధి కాక.

వీల్లేకపోవడం ఎందుకంటే నేను వాళ్ళింట్లో అద్దెకుండేవాణ్ణి. శ్రీకాకుళం వైపు పల్లెలో నాగలి వదిలేసి స్టీల్ ప్లాంట్‌లో పనికొచ్చిన కొత్తలో, పోర్టు పక్కనున్న వన్ టౌన్‌లో వాళ్ళ వెనక గదిలో దిగాను. పని ఊరికి ఆ చివర, ఇల్లు ఈ చివర. అయినా ఆ ఇల్లు వదల్లేకపోయాను. వాళ్ళు క్రైస్తవులు, మేము హిందువులం. చుట్టరికం ఏమీ లేదు. అయినా మొదటి వారంలోనే ఆయన నన్ను "శ్రీరామ్మూర్తి బావా" అన్నాడు, నేనూ బావా అన్నాను. తర్వాత నేను ప్లాంటు దగ్గర దువ్వాడలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయినా ఆ పిలుపు అలాగే ఉండిపోయింది.

బావ పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే లెక్క రాసుకునే పని అది. అందులో ఒక పద్ధతి ఉంది. ఓడ తరఫున ఒకడు రాస్తాడు, ఒడ్డు తరఫున ఇంకొకడు రాస్తాడు. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. షిఫ్టు చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కలిస్తేనే సంతకాలు పెడతారు. కలవకపోతే గొడవ. ఆ గొడవెందుకని కొందరు గడుసువాళ్ళు ఏం చేసేవారంటే, ఒకడు రాస్తుంటే రెండోవాడు టీకి పోయి, తీరిగ్గా వచ్చి, దాన్నే చూసి ఎక్కించుకునేవాడు. అప్పుడు రెండు కాగితాలూ పొల్లుపోకుండా కలిసేవి.

ఒకసారి ఎరువుల ఓడ వచ్చినప్పుడు బావ అలాంటి కాగితం మీద సంతకం పెట్టనని కూర్చున్నాడు. "లెక్క కలిసింది కదయ్యా, ఇంకేటి నీ బాధ?" అన్నాడు పైవాడు. "కలవడం కాదండీ, ఇవి రెండూ ఒకటే కాగితం" అన్నాడు బావ. బతిమాలారు, తిట్టారు, వినలేదు. గోడౌన్‌లో బస్తాలన్నీ మళ్ళీ లెక్కపెట్టించాడు. తేడా బయటపడింది. ఆ రోజు నుంచి పోర్టులో ఆయన పేరు రెండో లెక్క జ్ఞానదాసు. వెక్కిరింపుకు పెట్టిన పేరే గానీ, ఆయన దాన్ని బిరుదులా మోశాడు.

అయితే ఆ ఇంటికి అంతకంటే పాత బిరుదు ఒకటుంది. వాళ్ళ వీధి చివర చిన్న చర్చి ఉంది. ఏటా అందులో కోతపండగ చేస్తారు. పల్లెల్లో అయితే కొత్త ధాన్యం, గుమ్మడికాయలు తెచ్చి ఆరాధనలో పెట్టి, తర్వాత వాటిని వేలం వేస్తారు. వన్ టౌన్‌లో పొలాలెవరికున్నాయి? అరటిగెల తెచ్చేవాళ్ళు, కోడిని తెచ్చేవాళ్ళు, ఇంట్లో చేసిన కేకు తెచ్చేవాళ్ళు. కానీ మొదటి వేలం మాత్రం ఎప్పుడూ ఎండుచేపల బుట్టదే. జ్ఞానదాసు ఇంటి మగవాడు ఆ బుట్టను గేటు దగ్గర నెత్తికెత్తుకుని లోపలికి మోసుకెళ్ళాలి. వేలంలో మొదటి పాట కూడా వాళ్ళదే. బుట్ట కింద గుడ్డతో చుట్టిన చుట్టకుదురు ఉండి తీరాలి. చేపలమ్మే ఆడవాళ్ళు తలమీద పెట్టుకుంటారే, అదే. ప్యాంటూ చొక్కా వేసుకున్న మగాడు చుట్టకుదురు పెట్టుకుని నడవడమేంటని మొదటిసారి నేను కిసుక్కున నవ్వితే, బావ భార్య కృపావతి చెల్లెమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

దానికో కథ ఉంది. తుపాను వచ్చిన ఒక ఏడు ఎవరి దగ్గరా ఏమీ లేక కోతపండగ మానేద్దామనుకున్నారట. అప్పుడు బావ తాత మోషే, పోర్టులో కళాసీగా బస్తాలు మోసేవాడు, బుట్టెడు ఎండు నెత్తళ్ళు నెత్తిన పెట్టుకుని లోపలికొచ్చి, "సముద్రమే మా పొలం, ఇదే మా కోత" అన్నాడట. ఆ మాట చర్చి గోడ మీద బోర్డుగా రాసి ఉంది. కింద మోషే పేరు. ఆ ఇంటి పిల్లలందరూ నడక నేర్చిన కొత్తలో ఆ బోర్డు కింద నిలబడి ఫొటో తీయించుకున్నవాళ్ళే.

మొన్నామధ్య దువ్వాడలో ఒక కాలేజీవాళ్ళు ఊరి సంస్కృతి మీద సభ పెట్టారు. అక్కడ చరిత్ర పాఠం చెప్పే రేచల్ బావ వాళ్ళ చర్చి అమ్మాయే. బావ ఇంటికొచ్చి, "అంకుల్, కోతపండగ గురించి మీరే మాట్లాడాలి. కాకపోతే చెప్పే ప్రతి ముక్కా మీకెక్కడ దొరికిందో కూడా చెప్పాలి. మా స్టూడెంట్లు ఫోన్లో కనబడిందల్లా తెచ్చి ఇదే మన సంస్కృతి అంటున్నారు. ఎలా వెతకాలో, ఎలా చెప్పాలో మీలాంటి వాళ్ళు చేసి చూపించాలి" అంది.

బావ మొహం వెలిగిపోయింది. "నాకా సెప్తన్నావమ్మా? నా బతుకంతా అదే పని కదా" అన్నాడు. రిటైరయ్యాక ఆయన పద్ధతి కావాలని అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఆ రోజు నాకు రెండుసార్లు కాఫీ వచ్చింది.

వారం తిరిగేసరికి మూడు ఆధారాలు సంపాదించాడు. చర్చి యాభై ఏళ్ళ పండగకు వేసిన సంచిక, ఎప్పుడో పేపర్లో వచ్చిన వ్యాసం కత్తిరింపు, ఎవరో కుర్రాడు ఫోన్లో పెట్టిన వీడియో. మూడింట్లోనూ మోషే కథ ఉంది. మూడూ పొల్లుపోకుండా కలిశాయి. ఇంకేం, పని అయిపోయిందని నేను లేచాను.

"కూకో బావా" అన్నాడు. ఆయన మొహంలో వెలుగు లేదు. వీడియో కుర్రాడు పేపర్లో చదివానంటున్నాడు. పేపర్లో రాసినాయన చర్చి సంచికలో ఉందంటున్నాడు. సంచికలో "మోషే గారి కుమారుడు చెప్పిన ప్రకారం" అని ఉంది. మోషే కుమారుడంటే బావ తండ్రే.

"ఇవి మూడు కావు. ఒకటే కాగితం" అన్నాడు బావ.

నాకు ఒళ్ళు మండింది. మీ తాత గురించి మీ నాన్న చెబితే చాలదా అన్నాను. మా పల్లెలో తాతలు నేతులు తాగారంటే ఎవడూ మూతులు వాసన చూడడు. బావ రేచల్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆ అమ్మాయి అంతా విని, "మీ ఇంటి గొప్ప మీ ఇంట్లోవాళ్ళే చెప్పారు కదా అంకుల్. అబద్ధమని కాదు. బయటివాళ్ళ మాట ఒక్కటైనా పక్కన ఉంటే గట్టిగా నిలబడుతుంది" అంది.

మళ్ళీ వెతుకులాట మొదలైంది. చర్చి పాత పుస్తకాలు నీళ్ళకి తడిసి అట్టలు కట్టేశాయి. లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తే తుపాన్లు కనబడ్డాయి గానీ ఈ పండగ ఊసు లేదు. ఆయనతో తిరిగి తిరిగి నా మోకాళ్ళు అరిగిపోయాయి. చివరికి ఆ ముడి విప్పింది కృపావతి చెల్లెమ్మ. అన్నం వడ్డిస్తూ మామూలుగా అడిగింది.

"అది సరేనండీ, తుపాను రోజుల్లో కళాసీ ఇంట్లోకి బుట్టెడు నెత్తళ్ళు ఎక్కడివి?"

ఇద్దరం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాం. ఇన్నేళ్ళుగా అందరూ చెప్పుకున్న కథలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

"ఏటా బుట్ట పూర్ణా మార్కెట్లో సిట్టమ్మ కొట్టు నుంచే కదా వస్తంది. ఆవిడ్నే అడగండి" అంది చెల్లెమ్మ.

చిట్టమ్మ ఎండుచేపల వరసలో గోనెపట్టా మీద కూర్చుని నెత్తళ్ళు చెరుగుతోంది. బావ ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. అక్కని అప్ప అనడం ఆయన అలవాటు. "సిట్టమ్మప్పా, ఏటా మా పండక్కి బుట్ట అంపుతావు. ఎందుకంపుతావు?" అని అడిగాడు.

"ఇన్నాళ్ళకి అడిగినావా బాబూ!" అని చిట్టమ్మ చేట పక్కన పెట్టింది. "మా నాయనమ్మ గంగాలమ్మ అంపమన్నాది. మా యమ్మ అంపినాది, నాను అంపుతన్నాను. తుపానుకి మా గుడిసి ఎగిరిపోనాది. మీ సర్చి వరండాలోన తలదాసుకున్నారు. సరుకు తడిసిపోతందని మా నాయనమ్మ ఏడుత్తంటే, మీ తాత ఎల్లి ఎండుసేపల గంపలన్నీ మోసుకొచ్చీసినాడు. మరి పండగ రోజున ఆ మనిసి గేటు కాడే నిలబడిపోనాడు. లోపలికెల్లవేటి అంటే, ఉత్త సేతుల్తో ఎలాగెల్తాను అన్నాడంట. మా నాయనమ్మకి కోపమొచ్చీసినాది. 'సముద్రం మా పొలం కాదేటి? ఇది మా కోత కాదేటి? ఒట్టుకెల్లు' అని బుట్ట ఎత్తినాది. ముందు తన సుట్టకుదురు తీసి ఆయన నెత్తినెట్టినాది. బత్తాలు బుజాన మోసీవోడికి నెత్తిన బుట్ట నిలబడదు కదా."

"మరి ఆవిడ లోపలికి రాలేదా?"

"ఎవులు రమ్మన్నారు బాబూ? గేటు కాడే ఉండిపోనాది. బుట్ట పోతే పోనాది, ఆ కళాసీ నా సుట్టకుదురు మాత్రం ఇయ్యలేదు అని సచ్చీదాకా అంటానే ఉండీది" అని చిట్టమ్మ పకపకా నవ్వింది.

బావ నవ్వలేదు. లేచి మార్కెట్ బయటికి నడిచాడు. నాకు సంగతి అర్థమైంది. బోర్డు మీది మాట మోషేది కాదు, బుట్టా మోషేది కాదు. ఆ ఇంటి గొప్పంతా గేటు బయట నిలబడిపోయిన ఒక చేపలావిడది. నేను నెమ్మదిగా అన్నాను, "బావా, ఆవిడ నీ సభకేం రాదు. సంచికలో ఉన్నది చదివేసి ఊరుకో. ఎవరడుగుతారు?"

"నాను అడుగుతాను" అన్నాడు.

"పోనీ ఆవిడ చెప్పిందే చెప్పెయ్. నీకు నష్టమొచ్చే మాటే కదా, ఎవడు కాదంటాడు?"

"లాభానికో లెక్క, నట్టానికో లెక్కా బావా? సిట్టమ్మప్ప మాట కూడా ఒక కాగితమే. వాళ్ళింటి గొప్ప వాళ్ళు సెప్పారు. రెండోది కావాలి" అన్నాడు. ఆ రోజు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే ఆ మనిషిని ఆటో కింద తోసేద్దామనిపించింది.

రెండోది మా దువ్వాడలోనే దొరికింది. మార్తమ్మ మామ్మ చిన్నప్పుడు వన్ టౌన్‌లో పెరిగింది, ఆ చర్చిలోనే పెళ్ళాడింది. ఇప్పుడు తొంభై దాటి మనవడి దగ్గర ఉంటోంది. వెళ్ళేముందు బావ నాకు గట్టిగా చెప్పాడు. "నువ్వు నోరిప్పకు. గంగాలమ్మ పేరు గానీ సుట్టకుదురు గానీ ఎత్తావో, ఆ తర్వాత మామ్మ సెప్పేది మామ్మ మాట కాదు, నీ మాట." నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకు తెలుసు.

మామ్మ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. స్టేషన్ దగ్గరే కాబట్టి రైలు వచ్చినప్పుడల్లా మాట ఆపి, అది పోయాక మొదలుపెట్టేది. బావ ఒక్కటే అడిగాడు. "మామ్మా, మా తాత బుట్ట తెచ్చిన రోజున మీరేటి సూసారు?"

"ఏటి సూత్తానురా, నాను ఆలీసంగా ఎల్లినాను. లోపల సోటు లేదు. గుమ్మం కాడ కూకున్నాను."

నేను ఆగలేకపోయాను. "మరి మామ్మా, ఆ..." అనేలోపు బావ నా కాలు తొక్కాడు. చెప్పుతో తొక్కాడు. రైలొకటి వెళ్ళింది. అది పోయాక మామ్మ తనలో తనే నవ్వడం మొదలుపెట్టింది.

"లోపల పాదిరిగారు కళ్ళు మూసుకుని ప్రార్థన సేత్తన్నారు. బయట గేటు కాడ సేపలావిడొకర్తి, 'నా సుట్టకుదురు! ఓ కళాసీ, నా సుట్టకుదురు!' అని ఒకటే కేకలు. పిల్లలం నవ్వలేక సచ్చిపోనాము. ఆయన ఎనక్కెల్లి ఇద్దామంటే ప్రార్థన అవలేదు, అయ్యీసరికి ఆవిడ లేదు."

బావ మంచం దగ్గరికి జరిగాడు. "మరి గోడ మీద రాసున్న మాట ఎవరన్నారు మామ్మా?"

"ఆవిడే కదరా! గేటు కాడ అరిసినాది, నా సెవులారా ఇన్నాను. మీ తాత లోపలికొచ్చి, ఏటి మాటాడాలో తెలీక అదే మాట సెప్పీసినాడు."

బావ లేచి వరండా చివరికి వెళ్ళి నిలబడ్డాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరికి వెళితే, ఏడుస్తూ నవ్వుతున్నాడు. "రెండు కాగితాలూ కలిసాయి బావా. ఒకర్నొకరు సూసుకోకుండా కలిసాయి" అన్నాడు. తాత పేరు పోయినందుకు ఏడుపు, లెక్క కలిసినందుకు నవ్వు. అలాంటి మనిషిని ఏమనాలి?

సంగతి తెలిసి బావ తమ్ముడు బెన్సన్ ఇంటిమీదికి వచ్చాడు. చర్చి కమిటీలో ఉన్నవాడు. "అన్నయ్యా, ఊరంతా మోస్తున్న తాత పేరుని సొంత మనవడివి నువ్వే తుడిసేత్తావా? అది పోతే మనకేటి మిగుల్తాది?" అని అరిచాడు. చెల్లెమ్మే జవాబిచ్చింది. "పేరు ఎక్కడికీ పోదు బెన్సన్. దాని పక్కన ఇంకో పేరొస్తంది. అంతే." బెన్సన్ కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

సభ రోజున హాలు నిండిపోయింది. చిట్టమ్మను, మార్తమ్మ మామ్మను ముందు వరసలో కూర్చోబెట్టి చెల్లెమ్మ వాళ్ళ మధ్య కూర్చుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు. బావ కాగితం పట్టుకుని మైకు ముందుకొచ్చాడు. మొదటి మాటకి మైకు కుయ్యిమంది. వెనక తలుపు దగ్గర బెన్సన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు నేను చెప్పబోయేదాన్లో కొంత నేను చూసింది, కొంత విన్నది, కొంత తెలీనిది. మూడూ వేరువేరుగా చెప్తాను" అని మొదలుపెట్టాడు బావ. బుట్ట మోయడం, చుట్టకుదురు, మొదటి పాట, ఇవి తను చూసినవన్నాడు. మూడు చోట్ల రాసి ఉన్న కథ ఒక్క నోటి నుంచే ఎలా వచ్చిందో విడదీసి చూపించాడు. టాలీ కాగితాల సంగతి చెబితే పిల్లలు పెద్దగా నవ్వారు. తర్వాత చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మా నాన్న అబద్ధమాడలేదు. ఆయన అప్పుడు పిల్లాడు, లోపల కూర్చున్నాడు. లోపల కూర్చున్నవాడికి గేటు దగ్గర జరిగింది కనబడదు. గుమ్మం దగ్గర కూర్చున్న మార్తమ్మ గారికి కనబడింది. ఆవిడ ఇక్కడున్నారు. గేటు బయట నిలబడిన గంగాలమ్మ గారు ఇప్పుడు లేరు. ఆవిడ మాటని ఇన్నాళ్ళూ దాచిన మనవరాలు చిట్టమ్మ గారు ఇక్కడున్నారు. వీళ్ళిద్దరూ ఇంతవరకూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కానీ ఇద్దరూ ఒకే మాట చెప్పారు. సముద్రమే మా పొలం అన్నది మా తాత కాదు, గంగాలమ్మ."

ఆయన బెన్సన్ వైపు చూశాడు.

"మా తాత పేరు పోయిందేటి అని నన్నడిగారు. మా తాత తుపాన్లో ఆవిడ గంపలు మోసాడు. ఆవిడిచ్చిన బుట్టని, ఆడవాళ్ళ సుట్టకుదురెట్టుకుని, సిగ్గుపడకుండా అందరి ముందూ మోసాడు. ఇది నాకు కొత్తగా తెలిసింది. ఇప్పటివరకూ మా తాత గొప్పోడని ఇన్నాను. ఇప్పుడు సాక్షులతో సెప్తన్నాను!"

చప్పట్లు ఆగాక ఒక అమ్మాయి లేచి అది ఏ సంవత్సరం తుపాను అని అడిగింది. "తెలీదమ్మా. ఎతికాను, దొరకలేదు. నీకు దొరికితే ఎక్కడ దొరికిందో కూడా సెప్పు" అన్నాడు బావ. రేచల్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మళ్ళీ చప్పట్లు మోగాయి. వెనక్కి తిరిగి చూస్తే బెన్సన్ కట్టుకున్న చేతులు విప్పి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. నా ఛాతీ రెండింతలైంది. వీడు మా బావ అని పక్కనున్న లెక్చరర్‌కి చెప్పాను. ఆయన అడగకపోయినా చెప్పాను.

ఆ తర్వాత వచ్చిన కోతపండగకి బోర్డు కొత్తగా రాయించారు. రాయించింది బెన్సనే. మాట కింద గంగాలమ్మ పేరు పెద్దక్షరాల్లో, దాని కింద "లోపలికి మోసినది మోషే" అని, అడుగున చిన్నగా "సాక్షులు: మార్తమ్మ, చిట్టమ్మ" అని. చిట్టమ్మ దాన్ని కిందా మీదా చూసి, "నా పేరు అంత సిన్నగా రాసారేటి బాబూ?" అంది.

"సాక్షుల పేర్లు సిన్నగానే ఉంటాయి అప్పా. మాటన్నోళ్ళది పెద్దగుండాలి" అన్నాడు బావ. ఆవిడ నాయనమ్మ పేరు వైపు మళ్ళీ చూసి, చెయ్యి చాచి ఆ అక్షరాలు తడిమింది.

గేటు దగ్గర ఆవిడే బుట్ట ఎత్తింది. ఎత్తి, అలవాటుగా అక్కడే నిలబడబోయింది. "ఎవులు రమ్మన్నారు అన్నావు కదా. నాను రమ్మంటన్నాను, రా" అన్నాడు బావ. ఆయన నెత్తిన బుట్టతో ముందు, ఆవిడ వెనక, ఇద్దరూ లోపలికి నడిచారు. బల్ల మీద బుట్ట దించి, పాట మొదలుపెట్టకుండా, బావ తలమీది చుట్టకుదురు తీసి రెండు చేతులతో ఆవిడకిచ్చాడు.

"మా తాత ఇవ్వాల్సింది. ఆలీసమైపోనాది అప్పా."

చిట్టమ్మ దాన్ని తిప్పి చూసింది. "మా నాయనమ్మది పాతదిలే బాబూ, ఇది కొత్తది" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. మొదటి పాట ఆవిడ చేతే పాడించారు. వేలమంతా అయ్యేదాకా ఆ చుట్టకుదురును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీదే ఉంచుకుంది.

ఇది నాకెవరో చెప్పింది కాదు. కిటికీ పక్కన, రెండో వరసలో కూర్చుని నేను చూశాను.